డబ్బులు తీసుకుని కార్ డీటైలింగ్ మొదలుపెడదామనుకుంటున్నా (విజయనగరం), సలహా కావాలి

గంటస్తంభం_కుర్రోడు | విజయనగరం

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. నాన్నగారి పాత స్విఫ్ట్ మీద ఈ పని, అంటే కారుని లోపలా బయటా బాగా శుభ్రం చేసి మెరిపించడం, నేర్చుకున్నాను. రెండు బకెట్లతో కడగడం, అంటుకున్న మురికి పోయేలా క్లే ముద్ద పట్టడం, డీఏ మెషీన్‌తో (ప్యాడ్ తిప్పుతూ రుద్దేది) పాలిష్, ఆఖర్న వ్యాక్స్, ఇంతవరకు వచ్చింది. తర్వాత స్నేహితుల కార్లు ఐదారు చేశాను. అన్నీ ఊరికే, టీ టిఫిన్ వాళ్లది.

మొన్న ఒక ఫ్రెండ్ వాళ్ల బాబాయ్ గారు "నా ఎర్టిగా కూడా చెయ్యి బాబూ, ఎంతిమ్మంటావో చెప్పు" అన్నారు. అక్కడ నోరు పెగల్లేదు. రేపు చెప్తానండీ అని వచ్చేశాను.

నాకు ఆదివారం ఒక్కటే ఖాళీ. షెడ్డు లేదు. ఇంటి ముందు ఒక కారు పట్టే జాగా, దాని పక్కన వేపచెట్టు, బోరు నీళ్లు. సామాన్లు చూస్తే చిన్న ప్రెషర్ వాషర్, తడి పొడి రెండూ లాగే వ్యాక్యూమ్, డీఏ, పన్నెండు మైక్రోఫైబర్ గుడ్డలు. ఇవి చాలా? ఎంత అడగాలి? సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద వేసే గట్టి రక్షణ పొర) కూడా నేర్చుకుని అప్పుడు మొదలుపెట్టడం మంచిదా? వర్షాకాలంలో మొదలుపెట్టడమే తప్పా? అమ్మ అయితే "ఇంజినీరింగ్ చదివించింది కార్లు కడగడానికా" అంటోంది, దానికీ ఎవరైనా సమాధానం చెబితే సంతోషం.

రెండు_బకెట్లు | శ్రీకాకుళం

తమ్ముడూ, సిరామిక్ మాట ఇప్పుడు ఎత్తకు. దానికి దుమ్ము రాని మూసిన షెడ్డు కావాలి, వేశాక కనీసం ఒక రాత్రి నీటి చుక్క పడకూడదు. నీ దగ్గరున్నది వేపచెట్టు. ఉగాది నాటికి పూత రాలుతుంది, తర్వాత పళ్లు, ఆ పళ్ల కోసం కాకులు. ఇక డబ్బా మీద 9హెచ్ అని రాసి ఉంటుందే, అది పెన్సిల్ గీత పరీక్షలో వచ్చే గట్టిదనం. రాళ్లకీ వజ్రాలకీ వాడే కొలత వేరు. లారీ టైరు కింద నుంచి కంకర ఎగిరి తగిలితే కోటింగ్ ఉన్నా పెయింట్ లేస్తుంది. మొదట్లో నేనూ ఒకాయనకి "గీతలే పడవండీ" అని చెప్పి, తర్వాత ఆరు నెలలు డే అండ్ నైట్ జంక్షన్‌లో ఆయన కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

ధర కారు చూశాకే చెప్పు. ఫోన్లో చెప్పకు, వాట్సాప్ ఫోటోలు చూసి కూడా చెప్పకు. ఫోటోలో ప్రతి కారూ మెరుస్తుంది. డిక్కీ తెరిపించు, స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టు, ముందు సీటు వెనక్కి జరిపి కింద టార్చి వెయ్యి. చిన్న పిల్లలున్న ఇంటి కారైతే సీటు పట్టాల్లో జంతికల పొడి, ఎండిన పాలు ఉంటాయి. దానికే గంట పోతుంది.

నా మొదటి ఏడాది లెక్క ఇదీ. షాంపూ, వ్యాక్స్, గుడ్డల అరుగుదల, కరెంటు కలిపి కారుకి 250. గంటకి 150 నా కూలి. లోపలా బయటా చేతి పనికి ఆరు గంటలు, మొత్తం 1,150. జనం పోల్చేది పక్కనున్న వాటర్ వాష్‌తో, అక్కడ 400-500. నువ్వు 600 అంటే వాళ్ల పనే ఆశిస్తారు, నీ వీపు మాత్రం ఆరు గంటలు వంగుతుంది.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి

ఏటి గురూ, గంటకి 150 అంటే తాపీ మేస్త్రి నవ్వుతాడు. 300 వేసుకో.

రెండు_బకెట్లు | శ్రీకాకుళం

తాపీ మేస్త్రికి పని వచ్చు. ఇతనికి ఇంకా ఎంతసేపు పడుతుందో తెలీదు. నేర్చుకునే గంటలకి కస్టమర్ ఎందుకివ్వాలి? పది కార్లయ్యాక పెంచుకోమను.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి

తక్కువతో మొదలెడితే ఆ రేటే ఊరంతా పాకుతుంది. తర్వాత పెంచితే "మా బావకి వెయ్యికే చేశావటగా" అంటారు. నా మొబైల్ రిపేరు షాపులో ఇదే బాధ పడ్డాను, అందుకే చెప్తున్నా.

స్ప్రేగన్_మేస్త్రి | చీపురుపల్లి

నేను డీటైలర్ని కాను. 22 ఏళ్లుగా టింకరింగ్, పెయింటింగ్ షాపులో ఉన్నాను. మీలాంటి కుర్రాళ్లు పాడుచేసిన బానెట్లు నా దగ్గరికే వస్తాయి కాబట్టి రెండు ముక్కలు రాస్తాను.

కంపెనీ పెయింటు మొత్తం మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో ప్రైమరు, రంగు పోగా పైన మెరిసే క్లియర్ 40-50 మైక్రాన్లే. తల వెంట్రుక సుమారు 70 ఉంటుంది. అంటే వెంట్రుక కన్నా సన్నని పొర మీద నువ్వు మెషీన్ పెడుతున్నావు. కాంపౌండ్ (గరుకు పాలిష్) వేసిన ప్రతిసారీ అది కొంత అరుగుతుంది, మళ్లీ పెరగదు. ఎండ నుంచి రంగుని కాపాడేది ఆ పొరే. అది పల్చబడిన కారు రెండు వేసవులకి పొలుసులు లేస్తుంది. అప్పుడు నీ పేరు ఎవరికీ గుర్తుండదు, పెయింటు మంచిది కాదంటారు. అందుకే మీకు బుద్ధి రాదు.

అంచుల దగ్గర, బానెట్ మీద మడతలా ఎత్తుగా తేలిన గీత దగ్గర, తలుపు పిడి చుట్టూ పెయింటు ఇంకా పల్చన. అక్కడ మాస్కింగ్ టేప్ వేసి వదిలేయ్. ఒకసారి రీపెయింట్ అయిన ప్యానెల్ అయితే ఇంకో సంగతి. పెయింటు మందం కొలిచే గేజ్ పెడితే 200 పైన చూపిస్తుంది, కింద లప్పం ఉంటే 500, 1,000 కూడా. మందం ఎక్కువ కదా అని గట్టిగా రుద్దావో, ఆ క్లియర్ మెత్తగా ఉండి రంగు బయటపడుతుంది. గేజ్ కొనే స్తోమత లేకపోతే చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి పెట్టు, లప్పం మీద సరిగ్గా అంటుకోదు. ప్లాస్టిక్ బంపర్ మీద మాత్రం మామూలు గేజ్ గానీ అయస్కాంతం గానీ పనిచెయ్యవు.

పాత తెల్ల కార్లలో కొన్నింటికి క్లియరే ఉండదు. పాలిష్ చేస్తుంటే ప్యాడ్ తెల్లగా అయితే వచ్చేది మురికి అనుకోకు, అది రంగే. ఆపేయ్.

ఏ కారైనా ముందు ఒక అడుగు మేర టేప్ కట్టి, అన్నిటికంటే మెత్తని పాలిష్‌తో మొదలుపెట్టు. అది చాలకపోతేనే తర్వాతది. మెరుపు వచ్చాక ఐపీఏ (ఒక రకం ఆల్కహాల్) కలిపిన నీళ్లతో తుడిచి చూడు. పాలిష్‌లో ఉన్న నూనె గీతల్ని కప్పేస్తుంది, తుడిచాక నిజం కనబడుతుంది. తుడవకుండా కస్టమర్‌కి చూపించేవాళ్లున్నారు. రెండు వానలకి గీతలన్నీ తిరిగి వస్తాయి.

గంటస్తంభం_కుర్రోడు | విజయనగరం

మేస్త్రి గారూ, చదివాక నా డీఏని మంచం కింద పెట్టేశాను. కొన్నాళ్లు కడగడం, లోపలి క్లీనింగ్, వ్యాక్స్, అంతే.

స్ప్రేగన్_మేస్త్రి | చీపురుపల్లి

భయపడమనలేదు బాబూ. పాత తుక్కు దుకాణానికి వెళ్లి ఒక బానెట్ తెచ్చుకో. దాని మీద కావాలనే రంగు లేచేదాకా రుద్ది చూడు. ఎంతసేపటికి లేస్తుందో చేతికి తెలిస్తే చాలు.

కంటోన్మెంట్_క్రెటా | విజయనగరం

నేను పని చేసేదాన్ని కాను, చేయించుకునేదాన్ని. కిందటేడు ఒకచోట ఇచ్చాను, పేరొద్దు. తిరిగొచ్చిన కారు కింద అంతా డీజిల్ కొట్టారు. తుప్పు పట్టదట. వారం పాటు పిల్లకి కారెక్కితే వాంతులు. తర్వాత మా మెకానిక్ చెప్పాడు, రబ్బరు బుష్‌లు డీజిల్‌కి ఉబ్బిపోతాయని. గ్లవ్ బాక్సులో ఉన్న ఆర్సీ కవరు డిక్కీలో దొరికింది, వెండి గణపతి దొరకనే లేదు. గట్టిగా అడిగితే "మీరే ఎక్కడో పెట్టుంటారు మేడమ్" అన్నారు.

నాకు కావాల్సింది ఒక్కటే. కారు ఇచ్చేటప్పుడు నా ఎదురుగా చుట్టూ వీడియో తియ్యండి, సొట్టలు, గీతలు, కిలోమీటర్ల రీడింగ్, లోపలున్న వస్తువులు. ఆ వీడియో నాకూ పంపండి. ఎంత మెరిసిందో నాకు పెద్దగా తెలీదు. నా వస్తువులు నాకు తిరిగొచ్చాయో లేదో తెలుస్తుంది.

రెండు_బకెట్లు | శ్రీకాకుళం

మేడమ్ చెప్పింది ప్రింటు తీసి గోడకి అంటించుకో తమ్ముడూ. వస్తువులన్నీ ఒక జిప్ కవర్లో వేసి కస్టమర్ చేతికే ఇచ్చెయ్. కారు వాళ్లనే తెచ్చి పెట్టమను, వాళ్లనే తీసుకెళ్లమను. నువ్వు స్టీరింగ్ ముట్టుకోకు.

లోపల ఇంకో మాట. ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటుంది, ఎయిర్‌బ్యాగ్‌ది. దాన్ని ఊడదీయకు, తడపకు. సీటు విప్పితే శుభ్రంగా వస్తుందని వీడియోల్లో చూపిస్తారు. అలా విప్పి, వార్నింగ్ లైటు వెలిగి, సర్వీస్ సెంటర్ బిల్లు కట్టిన వాళ్లు నాకు తెలుసు. ఏసీ స్విచ్చులు, స్క్రీన్ మీద నేరుగా స్ప్రే కొట్టకు, గుడ్డ మీద కొట్టి తుడువు. వర్షాకాలంలో గుడ్డ సీట్లకి షాంపూ ఒప్పుకోకు. మన గాలిలో తేమకి రెండు రోజులైనా ఆరవు, మూడో రోజుకి బూజు వాసన.

పెద్దచెరువు_గట్టు | విజయనగరం

బోరు నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. మా వీధి బోరు నీళ్లకి స్టీలు గిన్నె మీదే తెల్ల పొర కడుతుంది, నల్ల కారు మీద కట్టదా? నీరు ఆవిరైపోతుంది, అందులోని కాల్షియం, మెగ్నీషియం అక్కడే మిగిలి గట్టిపడతాయి. వారం ఎండితే అద్దం మీద మచ్చలు గోకినా పోవు. పొద్దున్న ఐదున్నరకి మొదలుపెట్టి ఎండెక్కేలోపు బయటి పని ముగించు. ఒక్కో ప్యానెల్ కడిగిన వెంటనే నీళ్లు పొయ్యి, ఆరనివ్వకు. చివరి కడుగుకి మాత్రం రెండు బకెట్లు మున్సిపల్ కుళాయి నీళ్లు పట్టి ఉంచుకో. కొత్త మచ్చలకి తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డతో అద్ది, నిమిషంలో కడిగెయ్.

ఆడిటర్_మామయ్య | శ్రీకాకుళం

లెక్కల వైపు నుంచి కొద్దిగా. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆదివారం ఒక్క కారు చేసేవాడికి ఆ బెంగ ఎందుకు? చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. డబ్బులడిగే మధ్యవర్తి దగ్గరికి వెళ్లకు. ముద్ర లోన్‌లో శిశు అనే చిన్న రకం కింద 50 వేల దాకా ఇస్తారు గానీ, ఉన్న సామాన్లతో పది కార్లు చేశాక ఆలోచించు. అప్పు తీసుకుని మెషీన్ కొన్నవాడికి మెషీన్ని వాడాలనిపిస్తుంది, కారుకి అవసరం ఉన్నా లేకపోయినా. ఫోన్‌పే, గూగుల్‌పే ఏదైనా సరే, ఈ డబ్బుకి విడిగా ఒక ఖాతా పెట్టుకో. జీతంలో కలిసిపోతే లాభమో నష్టమో నీకే తెలీదు.

అమ్మకి సమాధానం: మొదటి కారు డబ్బులు ఆవిడ చేతిలో పెట్టు.

గంటస్తంభం_కుర్రోడు | విజయనగరం

అర్జెంట్!! ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉన్నారా. ఎర్టిగా ఇప్పుడు ఇంటి ముందే ఉంది. తెల్ల కారు. 1,200 అని ఒప్పుకున్నాం. శ్రావణ శుక్రవారం గుళ్లో పూజ చేయించారట, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, మధ్యలో కుంకుమ బొట్లు, ఎండిపోయి ఉన్నాయి. ఏపీసీ (అన్నిటికీ వాడే క్లీనర్) కొట్టాను. పసుపు మొత్తం ఎర్రగా అయిపోయింది!! రక్తంలా కారుతోంది. పెయింటు రియాక్ట్ అయిందా? కాంపౌండ్ తియ్యమంటారా? చేతులు వణుకుతున్నాయి.

స్ప్రేగన్_మేస్త్రి | చీపురుపల్లి

కాంపౌండ్ ముట్టుకోకు. నీళ్లు పొయ్యి ముందు.

పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది? పారాణి. మీ ఇంట్లో పెళ్లికి కాళ్లకి పెట్టలేదా? నీ ఏపీసీలో కూడా సున్నంలాగే క్షారం ఉంటుంది, అందుకే ఎరుపు. పెయింటుకి ఏమీ కాలేదు. బాగా కడుగు, మామూలు కారు షాంపూతో చేత్తో తుడువు. ఎరుపు పోయి పసుపు చార మిగిలితే వదిలెయ్. పసుపు ఎండకి ఆగదు, నాలుగైదు రోజులు ఎండలో నిలబెడితే అదే వెలిసిపోతుంది. కుంకుమ రంగే మొండిది, అది మాత్రం చూసుకో. ఊపిరి పీల్చుకో బాబూ.

గంటస్తంభం_కుర్రోడు | విజయనగరం

పోయింది మేస్త్రి గారూ. లేత పసుపు నీడ ఉంది అంతే. పాదాభివందనం. పారాణి అంటే నవ్వొచ్చింది గానీ నవ్వే స్థితిలో లేను.

గంటస్తంభం_కుర్రోడు | విజయనగరం

సాయంత్రం సంగతి రాస్తున్నా. పొద్దున్న ఐదున్నరకి మొదలుపెడితే మధ్యాహ్నం రెండున్నర అయింది. తొమ్మిది గంటలు! చింతపల్లి బీచ్‌కి వెళ్లొచ్చారట, కార్పెట్లలో ఇసుక లాగినకొద్దీ వస్తూనే ఉంది. వ్యాక్స్ వేసేటప్పుడు నల్ల ప్లాస్టిక్ అంచులకి టేప్ వేయడం మర్చిపోయాను, తెల్లగా చారలు పడ్డాయి. పాత టూత్‌బ్రష్షుతో అరగంట గీకితే పోయాయి.

బాబాయ్ గారు చూసి భలే సంతోషపడ్డారు. వెనకాలే పిన్నిగారు వచ్చారు. బానెట్ చూశారు. "స్వస్తిక్ ఏదీ?" అన్నారు. తర్వాత ముందు బంపర్ వైపు చూశారు. నిమ్మకాయలు, మిరపకాయలు కట్టిన దండ కుళ్లినట్టుంటే తీసి చెత్తలో పారేశాను. ఆవిడ ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "శుక్రవారం పూజ చేయించిన బొట్టు నాయనా" అన్నారు. అంతే. నాకు తొమ్మిది గంటల పనీ మట్టిలో కలిసినట్టయింది.

వెంటనే బండేసుకుని మార్కెట్‌కి వెళ్లి కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించి తెచ్చాను. 1,200 ఇచ్చారు. నేనే 200 తిరిగిచ్చాను. బాబాయ్ గారు వద్దన్నారు, పిన్నిగారు తీసుకున్నారు.

కంటోన్మెంట్_క్రెటా | విజయనగరం

పిన్నిగారి వైపే నేను. పని మొదలుపెట్టే ముందు అడగాల్సింది.

బొబ్బిలి_వీణ | బొబ్బిలి

వెయ్యి రూపాయలకి తొమ్మిది గంటలు, 250 సామాన్లకి పోతే గంటకి 83. రెండు_బకెట్లు అన్నగారు సంతోషమేనా?

రెండు_బకెట్లు | శ్రీకాకుళం

నేను ఆరు గంటలన్నాను, తొమ్మిదన్నానా! బీచ్ ఇసుక ఉందని ముందే చూసుంటే 1,500 చెప్పేవాడు. తమ్ముడూ, కారు ముందే చూశావా లేదా?

గంటస్తంభం_కుర్రోడు | విజయనగరం

లేదన్నా. ఫోన్లో చెప్పాను.

రెండు_బకెట్లు | శ్రీకాకుళం

సరే. ఇక నా పొరపాటూ రాస్తాను, ఒక్కడివే బాధపడకు. పెళ్లికొడుకు కారు ఒకటి వచ్చింది, పూలు సెలోటేప్‌తో అంటించారు. మూడు రోజుల ఎండకి టేపు జిగురు క్లియర్‌లోకి పాకినట్టు అతుక్కుపోయింది. త్వరగా పోవాలని థిన్నర్ వాడాను. కంపెనీ పెయింట్ అయితే కాసేపు ఓర్చుకునేదేమో, అది రీపెయింట్ డోర్. గుడ్డకి రంగు వచ్చింది. మొత్తం డోర్ నా ఖర్చుతో వేయించాను. అప్పటినుంచి జిగురుకి తార్ రిమూవర్ కొట్టి, రెండు నిమిషాలు నాననిచ్చి, వేలితో దొర్లించి తీస్తాను.

పెద్దచెరువు_గట్టు | విజయనగరం

ఇక్కడ ఒకటి అడగాలి. మా ఇల్లు స్టేషన్‌కి దగ్గర. తెల్ల కారు మీద గోధుమరంగు చుక్కలు, షాంపూకి పోవట్లేదు. పెయింటు తుప్పా?

రెండు_బకెట్లు | శ్రీకాకుళం

పట్టాల మీద, బ్రేకుల్లో అరిగి ఎగిరే ఇనుప రజను అది. క్లియర్‌లో గుచ్చుకుని అక్కడ తుప్పు పడుతుంది. ఐరన్ రిమూవర్ కొట్టండి, ఊదా రంగులో కారుతుంది. మా గంటస్తంభం తమ్ముడు అది చూస్తే మళ్లీ అర్జెంట్ అని పెడతాడు. నీడలో కొట్టండి, ఆరిపోకముందే కడిగెయ్యండి. వాసన మాత్రం కుళ్లిన గుడ్డు.

గంటస్తంభం_కుర్రోడు | విజయనగరం

ఏడు వారాల తర్వాత వస్తున్నాను, ఎవరైనా ఇంకా ఈ థ్రెడ్ చూస్తుంటే.

మొత్తం ఆరు కార్లయ్యాయి. రెండు ఆదివారాలు వాన మింగేసింది. ఇప్పుడు శనివారం సాయంత్రం వెళ్లి కారు చూసి వస్తున్నాను, ధర అక్కడే చెప్తాను. ఒక పాత ఐ20కి 1,800 చెప్తే ఎక్కువన్నారు, వదిలేసుకున్నాను. రెండు రోజుల తర్వాత వాళ్లే ఫోన్ చేశారు. తుక్కు దుకాణంలో 600కి బానెట్ దొరికింది, దాని మీద రంగు లేపేశాను మేస్త్రి గారూ, అనుకున్నదాని కన్నా చాలా త్వరగా లేచింది. డీఏ ఇంకా కస్టమర్ కారు మీద పెట్టలేదు.

పైడితల్లి అమ్మవారి పండగకి ముందు ఆదివారం చెయ్యమని ముగ్గురు అడిగారు. ఒకటే ఒప్పుకున్నాను. సిరిమాను ఊరేగింపుకి ఊరంతా జనం, మా వీధిలో కారు తిప్పే చోటు కూడా ఉండదు, మధ్యాహ్నంలోపు తీసుకెళ్లిపోవాలని ముందే చెప్పాను.

ఆడిటర్_మామయ్య | శ్రీకాకుళం

అమ్మగారు ఏమంటున్నారు?

గంటస్తంభం_కుర్రోడు | విజయనగరం

మొదటి వెయ్యీ చేతిలో పెట్టాను. దేవుడి దగ్గర పెట్టి, మర్నాడు గ్యాస్ బండకి ఇచ్చేసింది. ఇప్పుడు ఆదివారం ఐదింటికి తనే లేపుతోంది. ఇంజినీరింగ్ మాట మాత్రం మానలేదు.

స్ప్రేగన్_మేస్త్రి | చీపురుపల్లి

ఎర్టిగా వాళ్లు మళ్లీ వచ్చారా?

గంటస్తంభం_కుర్రోడు | విజయనగరం

నిన్ననే వచ్చింది, దసరా పూజ అయ్యాక. బానెట్ మీద కొత్త స్వస్తిక్. పిన్నిగారు కారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, దాన్ని వదిలేసి మిగతాదంతా కడిగాను.